ఉక్కు పిస్టల్ కొనేముందు తూటాల లెక్క వేయండి

అమెరికాలో ఐదు వందల డాలర్ల చుట్టుపక్కల నిండు సైజు పిస్టల్, అదీ ఫ్రేమ్ (పిడి ఉండే అడుగు భాగం) నుంచి స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జారే భాగం) దాకా పూర్తిగా ఉక్కుతో చేసింది, ఇవాళ్టికీ దొరుకుతుంది. ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్ళు దుకాణాల్లో అద్దాల అరలన్నీ ఆక్రమించాక ఉక్కువి డబ్బున్నవాళ్ళ ముచ్చటగా మిగిలాయని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. కొనడం తేలిక, కొన్నాక పోషించడమే కష్టం. చేతిలో ఉన్న డబ్బంతా పిస్టల్ మీద పెట్టేసి, రెండు డబ్బాల తూటాలు పేల్చి, ఆ పైన ఖర్చుకు జంకి దాన్ని పెట్టెలో పడేసినవాళ్ళు ఎంతమందో. అందుకే ఈ వ్యాసంలో నా వాదన ఒక్కటే: మీరు అనుకున్న మొత్తంలో సుమారు సగమే పిస్టల్‌కి పెట్టండి, మిగతాది తూటాలకీ మ్యాగజైన్లకీ (పిడిలో దూర్చే తూటాల డబ్బాలు) తాళప్పెట్టెకీ ఉంచండి. ఆ సగంలో కొనేటప్పుడు కంపెనీ పేరు కాదు, విడిభాగాలు ఎక్కడపడితే అక్కడ దొరికే నమూనా చూడండి. మన ఊళ్ళలో బండి కొనేవాడు మండల కేంద్రంలో మెకానిక్ ఉన్నాడా, సామాను దొరుకుతుందా అని అడిగినట్టే ఇదీ.

ధరల్లోకి దిగే ముందు కాగితాల సంగతి తేలాలి. తెలుగువాళ్ళలో చాలామంది ఇక్కడే తప్పటడుగు వేసే ప్రమాదం ఉంది.

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 ఇవన్నీ నాన్-ఇమిగ్రెంట్ వీసాలు. ఈ వీసాల మీద దేశంలోకి వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో మామూలు మనిషికి వర్తించేది అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ పౌరసత్వం వచ్చినవాళ్ళకీ ఈ నిషేధం లేదు. వేట లైసెన్సు దారిన వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి అడుగు వేయడం మంచిది, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే జైలుతో పాటు దేశం విడిచి వెళ్ళే పరిస్థితి కూడా రావచ్చు.

దుకాణంలో నింపే 4473 ఫారంలో మొదటి ప్రశ్నల్లోనే "ఈ తుపాకీని నిజంగా కొంటున్నది మీరేనా" అన్న అర్థంలో ఒకటి ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడు వీసా మీద ఉన్న స్నేహితుడి డబ్బుతో, అతని కోసం కొనిపెట్టడం మామూలు సహాయంలా కనిపిస్తుంది, చట్టం దృష్టిలో మాత్రం అది పెద్ద నేరం. ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డు, ఇంకొకరికి వీసా ఉంటే పెట్టె తాళంచెవి, నంబరు కొన్నవారి దగ్గర మాత్రమే ఉండాలి. లైసెన్సున్న డీలరు దగ్గర చేతి తుపాకీ కొనడానికి ఫెడరల్ చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండాలి.

రాష్ట్రాల తేడా కూడా చిన్నది కాదు. టెక్సస్‌లో ఫారం నింపి, నేపథ్య తనిఖీ పూర్తయితే అదే రోజు ఇంటికి తీసుకెళ్ళవచ్చు. న్యూజెర్సీలో ఒక్కొక్క చేతి తుపాకీకి విడిగా పర్మిట్ తీసుకోవాలి, మ్యాగజైన్‌లో పదికి మించి తూటాలు పట్టకూడదు. కాలిఫోర్నియాలోనూ పది తూటాల పరిమితి ఉంది, పది రోజుల నిరీక్షణ ఉంది, దానికి తోడు రాష్ట్రం ఆమోదించిన మోడళ్ళ జాబితా ఒకటి ఉంది. చవక ఉక్కు పిస్టళ్ళు చాలా వరకు ఆ జాబితాలో ఉండవు కాబట్టి కాలిఫోర్నియావాళ్ళు మోడల్ నచ్చించుకోకముందే జాబితా చూసుకోవాలి. ఇండియాలో ఉన్న పాఠకులకి ఒక మాట: అక్కడ 9 ఎంఎం (ఈ వ్యాసంలో ఎక్కువగా మాట్లాడే తూటా కొలత) నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద రాదు. ఇక్కడ రాస్తున్న కొనుగోలు సంగతులేవీ అక్కడ వర్తించవు.

ఇక ఉక్కే ఎందుకు? బరువు కోసం. ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్న గ్లాక్ 17 ఖాళీగా 630 గ్రాముల దగ్గర తూగుతుంది. పూర్తి ఉక్కు సీజెడ్ 75 బి కిలో తూగుతుంది. 1911 అనే నమూనా ఉక్కు పిస్టల్ దాదాపు 1,100 గ్రాములు. ఒకే 9 ఎంఎం తూటా పేల్చినప్పుడు బరువైన పిస్టల్ నెమ్మదిగా వెనక్కి వస్తుంది. నిండా తూటాలు వేసి లెక్క చూసినా గ్లాక్‌తో పోలిస్తే సీజెడ్ వెనక్కి తన్నే శక్తి సుమారు నాలుగో వంతు తక్కువ. ఈ తేడా లెక్కల్లోనే కాదు, యాభై తూటాల తర్వాత మణికట్టుకి కూడా తెలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పేలుడుకి ముందే చెయ్యి బిగుసుకుని గురి కిందికి దిగిపోయే అలవాటు పట్టుకుంటుంది. బరువైన పిస్టల్ ఆ అలవాటుని పుట్టకుండా చేయలేదు గానీ బాగా తగ్గిస్తుంది. నడుముకి కట్టుకుని రోజంతా తిరగడానికైతే ఉక్కు నిండు సైజు పిస్టల్ సరైనది కాదు, దాన్ని కొనకండి. రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) కాల్చడానికీ ఇంట్లో ఉంచుకోవడానికీ అయితే అంతకంటే మంచిది లేదు.

ఒక జాగ్రత్త. లోహపు పిస్టల్ అన్నదంతా ఉక్కు కాదు. బెరెట్టా 92, దాని దారిలో టారస్ తయారు చేసే పీటీ 92, సిగ్ పీ226 మామూలు మోడళ్ళు, వీటన్నిటి ఫ్రేమ్ అల్యూమినియం మిశ్రమం. స్మిత్ అండ్ వెసన్ 5906 స్టెయిన్‌లెస్ ఉక్కు, చూడటానికి దాదాపు అలాగే ఉండే 5904 ఫ్రేమ్ మాత్రం అల్యూమినియం. టర్కీ నుంచి వచ్చే సీజెడ్ నకళ్ళలో రెండు రకాలూ ఉంటాయి. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళి, దుకాణదారుడి అనుమతి అడిగి ట్రిగ్గర్ గార్డ్‌కి తాకించి చూడండి. పిస్టళ్ళలో వాడే స్టెయిన్‌లెస్ కూడా చాలావరకు అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకోకపోతే అది మీరు వెతుకుతున్నది కాదు.

డబ్బు లెక్క

వెయ్యి డాలర్లు ఉన్నాయనుకుందాం. పిస్టల్ ధర 500. టెక్సస్ పట్టణాల్లో అమ్మకపు పన్ను 8.25 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఇంకో 41. ఆన్‌లైన్‌లో కొంటే అది మీ ఇంటికి రాదు, మీ రాష్ట్రంలో లైసెన్సున్న డీలరు దగ్గరికే వస్తుంది. అతని రుసుము 25 నుంచి 50 డాలర్లు, 30 అనుకుందాం. అంటే 571 అయిపోయాయి. 9 ఎంఎం 115 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) సాధన తూటా ఒక్కొక్కటి సుమారు 25 సెంట్లు, వెయ్యి తూటాలకి 250. అదనంగా రెండు మ్యాగజైన్లు 60. చెవులకీ కళ్ళకీ రక్షణ 40. చిన్న ఉక్కు తాళప్పెట్టె 80. మొత్తం 1,001. ఇంకా రేంజ్ రుసుము రాలేదు, శిక్షణ తరగతి రాలేదు.

ఇదే లెక్క .45 ఏసీపీ అనే ఇంకా లావు తూటాతో వేస్తే తూటా 45 సెంట్ల చుట్టూ ఉంటుంది. వెయ్యికి 450. రెండు వేల తూటాలు కాల్చేసరికి 9 ఎంఎం కొన్నవాడికి మిగిలిన 400 డాలర్లు దాదాపు ఇంకో పిస్టల్ ధర. .45 మంచి తూటానే, దాని మీద నాకు ఏ పేచీ లేదు. కానీ తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాడికి ఏడాది తిరిగేసరికి కావలసింది గురి. అది తూటాలు కాల్చితేనే వస్తుంది. బల్ల మీద ఉన్న పిస్టల్ బోరు ఎంత పెద్దదైనా దానితో రాదు. అదే కారణంగా జస్తావా ఎం57 లాంటి 7.62×25 టొకరేవ్ నమూనా పిస్టళ్ళు ఎంత చవగ్గా కనిపించినా మొదటి కొనుగోలుగా వద్దంటాను. ఉక్కు గట్టిది, యంత్రం సరళం, తూటా మాత్రం ప్రతి దుకాణంలో ఉండదు, ఉన్నచోట ఖరీదు ఎక్కువ. పాత సైనిక నిల్వల తూటాల్లో ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న బిళ్ళ) ఉప్పు మిగిల్చే రకమైతే అదే రోజు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించకపోతే బ్యారెల్ లోపల తుప్పు మొదలవుతుంది.

ఏ నమూనా

నా మొదటి ఓటు సీజెడ్ 75కి. చెకొస్లొవాకియాలో ఉహెర్‌స్కీ బ్రోద్ కర్మాగారం కోసం ఫ్రాంటిషెక్ కౌట్‌స్కీ, యోసెఫ్ కౌట్‌స్కీ అనే అన్నదమ్ములు దీన్ని రూపొందించారు. దాని పేటెంట్లు దేశం లోపలే రహస్యంగా ఉండిపోయి బయటి దేశాల్లో నమోదు కాకపోవడంతో ఇటలీలో టాన్‌ఫోలియో, టర్కీలో ఒకటికి మించిన కంపెనీలు, ఇజ్రాయెల్‌లో జెరికో 941, అన్నీ ఇదే ఎముకల గూడు మీద తయారయ్యాయి. మనకి ఇందులో ఉన్న లాభం ఏమిటంటే పాత సరుకు మార్కెట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, స్ప్రింగులూ మ్యాగజైన్లూ తయారు చేసేవాళ్ళు చాలామంది. కొంతకాలం వాడిన 75 బి 450 నుంచి 600 డాలర్ల మధ్య కనిపిస్తుంది. అసలుదానికీ నకలుకీ అన్ని భాగాలూ ఒకదానికొకటి సరిపోవు, ముఖ్యంగా మ్యాగజైన్లు. టాన్‌ఫోలియోకి కొనేటప్పుడు టాన్‌ఫోలియో పేరుతో ఉన్నదే కొనండి. ఇటలీ కంపెనీ మెక్-గార్ రెండింటికీ చేస్తుంది, ఒక్కోటి 25 నుంచి 30 డాలర్లు.

దీని ప్రత్యేకత స్లైడ్ ఫ్రేమ్ లోపలి పట్టాల మీద జారడం. చాలా పిస్టళ్ళలో స్లైడ్ ఫ్రేమ్‌ని బయటినుంచి పట్టుకుంటుంది, ఇందులో ఫ్రేమ్ స్లైడ్‌ని బయటినుంచి పట్టుకుంటుంది. దానివల్ల బ్యారెల్ చేతికి దగ్గరగా, కిందికి కూర్చుంటుంది, పేలినప్పుడు మూతి తక్కువ లేస్తుంది. నష్టం కూడా అందులోనే ఉంది: బయటికి కనిపించే స్లైడ్ ఎత్తు తక్కువ కాబట్టి వేళ్ళకి పట్టు తక్కువ. వేళ్ళలో బలం తక్కువున్నవాళ్ళు ముందు హ్యామర్‌ని (పిస్టల్ వెనక ఉండే సుత్తి లాంటి భాగం) బొటనవేలితో వెనక్కి లాగి, అప్పుడు స్లైడ్ లాగాలి. హ్యామర్ స్ప్రింగ్ బరువు ముందే తీరిపోతుంది కాబట్టి స్లైడ్ తేలిగ్గా వస్తుంది.

చేతి కొలత తప్పకుండా చూసుకోండి. హ్యామర్ దించి ఉన్నప్పుడు ట్రిగ్గర్ చాలా ముందుకి ఉంటుంది. ఖాళీ పిస్టల్‌ని, బ్యారెల్ ముంజేతితో ఒకే గీతలో ఉండేలా పట్టుకుని, చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనుతోందా చూడండి. అందడం కోసం పిడిని చేతిలో పక్కకి తిప్పుకోవలసి వస్తే ఈ నమూనా మీకు కాదు. 75 బిలో చేత్తో వేసే సేఫ్టీ ఉంటుంది, హ్యామర్‌ని తనంతట తాను భద్రంగా దించే మీట ఉండదు. ఆ మీట బీడీ అనే మోడల్‌లో ఉంటుంది. చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) తూటా ఉండగా హ్యామర్‌ని బొటనవేలితో దించడం జారితే పేలే పని. కొత్తవాళ్ళు బీడీ కొనడమో, లేదా చాంబర్ ఖాళీగా ఉంచే పద్ధతి పాటించడమో చేయాలి.

75 బిలో చెడిపోయేవి ముందే తెలిసినవే. ఒకటి ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగ్: విరిగితే ట్రిగ్గర్ ముందుకి రాదు. రెండు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని వెనక ఆపి ఉంచే మీట): ప్రతి పేలుడుకీ బ్యారెల్ అడుగు దాని కడ్డీని గుద్దుతుంది కాబట్టి వేల తూటాల తర్వాత విరగవచ్చు. మూడు, ఫైరింగ్ పిన్‌ని (ప్రైమర్‌ని కొట్టే సూది) పట్టి ఉంచే చిన్న రోల్ పిన్. ఖాళీ చాంబర్ మీద వందలసార్లు ట్రిగ్గర్ లాగి సాధన చేస్తే ఫైరింగ్ పిన్ వచ్చి దీన్నే కొడుతుంది; అది వంగి చివరికి ఫైరింగ్ పిన్‌ని బిగించేస్తుంది. నకిలీ సాధన తూటాలు, స్నాప్ క్యాప్‌లు, పెట్టి సాధన చేస్తే ఈ బాధ లేదు. మూడు భాగాలూ కలిపి కొని పెట్టుకున్నా ఖర్చు పెద్దగా ఉండదు, ఇదే నమూనా చూసి కొనడం అంటే.

సీజెడ్ చేతికి పెద్దదైతే హై-పవర్ నమూనా చూడండి. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టిన పనిని బెల్జియంలో డ్యూడొనే సేవ్ పూర్తి చేయగా 1935లో వచ్చిన పిస్టల్ ఇది. భారత సైన్యం దశాబ్దాలుగా వాడుతున్న 9ఎంఎం 1ఎ పిస్టల్ ఈ నమూనాదే, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. మ్యాగజైన్‌లో పదమూడు తూటాలు రెండు వరసలుగా పట్టినా పిడి సన్నగా ఉంటుంది, ట్రిగ్గర్ దగ్గరగా ఉంటుంది. మన సగటు చేతికి ఇంత చక్కగా కుదిరే ఉక్కు పిస్టల్ ఇంకొకటి లేదని నా అభిప్రాయం. పాత బెల్జియం పిస్టళ్ళ ధర ఇప్పుడు మన లెక్కకి అందదు. టర్కీలో గిర్సాన్ చేసే ఎంసీ పీ35 ఐదు వందల దగ్గర దొరుకుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ 2021లో తెచ్చిన ఎస్ఏ-35 దానికంటే బాగా ఖరీదు. పాత హై-పవర్‌లో మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా చేసే మీట ఒకటి ఉంటుంది, అది ట్రిగ్గర్‌ని గరుకుగా చేస్తుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ దాన్ని తీసేసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని హ్యామర్ గిచ్చడం ఈ నమూనాకి పుట్టుకతో వచ్చిన జబ్బు. చెయ్యి కండపట్టినదైతే కొనేముందు అద్దెకి తీసుకుని యాభై తూటాలు కాల్చి చూడాలి.

1911 గురించి మాట్లాడకపోతే చదివేవాళ్ళు ఊరుకోరు. అమెరికా సైన్యం 1911లో స్వీకరించి 1985 దాకా ప్రధాన పిస్టల్‌గా ఉంచుకున్నది. ట్రిగ్గర్ నేరుగా వెనక్కి జారుతుంది, అంత శుభ్రమైన ట్రిగ్గర్ ఈ ధరలో వేరే నమూనాలో రాదు. ఫిలిప్పీన్స్ ఆర్మ్‌స్కార్ వారి రాక్ ఐలాండ్, టర్కీ టిసాస్ రెండూ 400 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటాయి. కానీ ఇందులో ఎక్స్‌ట్రాక్టర్, అంటే పేలిన తూటా డొక్కని పట్టి బయటికి లాగే కొక్కెం, తానే స్ప్రింగ్. దాని వంపు ఎక్కువైతే తూటా చాంబర్‌లోకి ఎక్కదు, తక్కువైతే ఖాళీ డొక్క బయటికి రాక అడ్డంగా నిలుస్తుంది. స్లైడ్ విప్పి, ప్రైమర్ లేని నకిలీ తూటాని ఎక్స్‌ట్రాక్టర్ కిందికి జార్చి స్లైడ్‌ని మెల్లగా ఊపండి. తూటా పడిపోకుండా నిలవాలి, గట్టిగా కుదిపితే పడిపోవచ్చు. ఇలాంటి సర్దుబాటు మీద ఇష్టం ఉన్నవాళ్ళకి 1911 ఆనందం. లేనివాళ్ళు ధర చూసి కొని తర్వాత విసుక్కోకండి. 9 ఎంఎంలో కొంటే ఇంకొంచెం జాగ్రత్త: పొడవైన .45 కోసం పుట్టిన పొడుగు మ్యాగజైన్‌లో పొట్టి తూటాని సర్దాలి కాబట్టి మ్యాగజైన్ నాణ్యత మీదే అంతా ఆధారపడుతుంది. పది తూటాల పరిమితి ఉన్న రాష్ట్రాల్లో మాత్రం 1911కి తక్కువ తూటాలు పడతాయన్న లోపం తగ్గుతుంది. అక్కడ సీజెడ్‌లోనూ పదే పడతాయి.

రివాల్వర్లు కూడా ఉన్నాయి. పోలీసు శాఖలు మార్చేసిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10, మోడల్ 64 గట్టి ఉక్కువే, తూటా .38 స్పెషల్, 9 ఎంఎం కంటే ఖరీదు. ఉపాయం తెలిసినవాళ్ళకి మంచి కొనుగోలు. స్పెయిన్ స్టార్ మోడల్ బి, బీఎంలు చవకే కానీ ఆ కంపెనీ 1997లో మూతపడింది. ఖాళీగా ట్రిగ్గర్ లాగితే ఫైరింగ్ పిన్ విరగడం దానికి బాగా తెలిసిన జబ్బు, విరిగాక దాని కోసం వెతుక్కోవాలి. 5906 కూడా ఇదే కోవ: తయారీ ఆగి చాలాకాలమైంది, పిస్టల్ ఏనుగులా ఉంటుంది, భాగాలు పాతవాటి నుంచి ఏరుకోవాలి.

పోత ఫ్రేమ్ బలహీనం, ఫోర్జ్ చేసిందే (వేడి ఉక్కుని కొట్టి మలిచిందే) బలం అన్న మాట కొట్టులో తప్పకుండా వినిపిస్తుంది. హై-పవర్‌ని .40 తూటాకి మార్చినప్పుడు దాని ఫోర్జ్ ఫ్రేమ్ తట్టుకోలేక పోత ఫ్రేమ్‌కి మారారు. రూగర్ కంపెనీ దశాబ్దాలుగా పోత ఫ్రేముల మీదే గట్టి రివాల్వర్లు చేస్తోంది. ఉక్కు రకం, వేడిచేసి చల్లార్చే పద్ధతి, కొలతల కచ్చితం, ఇవి బాగుంటే పోతైనా సరే. ఈ ఒక్క మాట మీద వంద డాలర్లు ఎక్కువ పెట్టకండి, అవి నాలుగు వందల తూటాలు.

వాడిన పిస్టల్ చూసేటప్పుడు

మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి ఆపి, చాంబర్‌లో కంటితో చూసి, చిటికెన వేలితో తాకి ఖాళీ అని తేల్చుకోండి. అమ్మేవాడు చూశానన్నా మీరు మళ్ళీ చూడండి.

తర్వాత అడిగి పిడి పలకల మరలు విప్పించండి. బయట నిగనిగలాడే పిస్టల్‌కి పలకల కింద తుప్పు గుంటలు ఉండటం అన్నిటికంటే తరచుగా కనిపించే దాపరికం. చెమట అక్కడికి దిగుతుంది, తుడిచేవాడు ఉండడు. మరల తలలు నలిగి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా లోపల చెయ్యి పెట్టారని అర్థం. బ్యారెల్ బయటికి తీసి వెలుతురు వైపు పట్టి చూడండి. లోపల ఒక చోట నల్లటి ఉంగరం లాంటి గీత కనిపిస్తే అది ఉబ్బిన బ్యారెల్, అంటే ముందు తూటా గుండు ఇరుక్కుని ఉండగా రెండోది పేలింది. అది వదిలేయండి. బ్యారెల్ పైభాగపు గాడుల అంచులు పదునుగా ఉండాలి, గుండ్రంగా అరిగి ఉంటే చాలా కాల్చినది, లేదా స్ప్రింగ్ మార్చకుండా కాల్చినది. స్లైడ్ స్టాప్ గాడి దగ్గర లోహం నలిగి పొంగిందా చూడండి. వరస సంఖ్య చెరిపిన పిస్టల్‌ని చేత్తో కూడా పట్టుకోకండి, అది కలిగి ఉండటమే నేరం.

పనితీరు పరీక్షలు, అన్నీ ఖాళీ పిస్టల్ మీద, మూతి భద్రమైన వైపు ఉంచి: హ్యామర్ ఎక్కించి సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగి వదలండి, ఇప్పుడు సేఫ్టీ తీయండి, హ్యామర్ పడకూడదు. హ్యామర్ ఎక్కించి వెనకనుంచి బొటనవేలితో మధ్యస్థంగా నొక్కండి, పడకూడదు. ట్రిగ్గర్ లాగి పట్టుకునే ఉండి స్లైడ్ లాగి వదలండి, హ్యామర్ ఎక్కే ఉండాలి. ట్రిగ్గర్ వదిలితే టిక్కుమని తిరిగి పట్టాలి. ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లైడ్ లాగితే వెనకే ఆగాలి. రివాల్వర్ అయితే హ్యామర్‌ని నెమ్మదిగా ఎక్కిస్తూ ప్రతి గదీ పూర్తిగా తిరిగి బిగుసుకుంటోందా ఆరింటికీ చూడాలి. సిలిండర్ ముందుకీ వెనక్కీ కదిలితే మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

మొదటి రెండు వందల తూటాలు

ఐదు వందల తూటాల దాకా ఆగితే అదే కుదురుకుంటుందని చవక పిస్టళ్ళు అమ్మేవాళ్ళు చెబుతారు. అంతవరకూ ఆగనక్కర్లేదు. శుభ్రం చేసి, నూనె వేసి, 115 లేదా 124 గ్రెయిన్ల మామూలు ఫ్యాక్టరీ తూటాలు రెండు వందలు కాల్చండి. మొదటి యాభైలో ఒకటి రెండు సార్లు ఆగితే సహించవచ్చు, చివరి వందలో ఆగకూడదు. మొదలుపెట్టేముందే మ్యాగజైన్ల అడుగున రంగుతో 1, 2, 3 అని రాసుకోండి. ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎలా ఆగింది అని కాగితం మీద రాయండి. ఎప్పుడూ రెండో నంబరు మ్యాగజైన్‌లోనే ఆగుతుంటే పిస్టల్‌ని తిట్టాల్సిన పని లేదు, ఆ మ్యాగజైన్ పెదవులు (తూటాని పట్టి ఉంచే పై అంచులు) వంగాయి, లేదా స్ప్రింగ్ నీరసించింది, మార్చేయండి.

స్లైడ్ చివరి రెండు మిల్లీమీటర్లు మూసుకోకుండా ఆగిపోతే నూనె లేకపోవడమో, చాంబర్ గరుకో, ఎక్స్‌ట్రాక్టర్ బిగుతో. ఖాళీ డొక్క పొగగొట్టంలా నిలబడితే తూటా బలహీనం, లేదా మణికట్టు వదులు. ఇంకొకరితో కాల్పించి చూస్తే ఏదో తేలిపోతుంది. ప్రైమర్ మీద చిన్న గుంట పడి పేలకపోతే ముందు యజమాని ట్రిగ్గర్ తేలిక కోసం హ్యామర్ స్ప్రింగ్ బలహీనమైనది వేసి ఉంటాడు, సీజెడ్‌లలో ఇది మామూలు. కంపెనీ స్ప్రింగ్ తిరిగి వేస్తే పోతుంది. పేలని తూటాని వెంటనే బయటికి లాగకండి. మూతి గురి వైపే ఉంచి అర నిమిషం ఆగి అప్పుడు తీయండి. శబ్దం ఎప్పటికంటే చిన్నగా వస్తే అక్కడికక్కడే ఆగి, మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, బ్యారెల్ లోపల గుండు ఇరుక్కుందేమో చూడాల్సిందే. ఉబ్బిన బ్యారెళ్ళన్నీ ఈ తనిఖీ దాటేసినవాళ్ళవే.

ఉక్కుకి శత్రువు తేమ. హ్యూస్టన్‌లో, న్యూజెర్సీ నేలమాళిగల్లో, చెమట పట్టే చేతుల్లో తుప్పు రెండు రోజుల్లో మొదలవుతుంది. కాల్చినా కాల్చకపోయినా ముట్టుకున్న రోజు నూనె గుడ్డతో తుడవండి. రాక్ ఐలాండ్ మీద ఉండే బూడిదరంగు పార్కరైజింగ్ నూనెని పీల్చి పట్టుకునే పూత. పొడిగా ఉంచితే అది రక్షించదు. తోలు ఒరలో పెట్టి దాచకూడదు, తోలు తేమనీ పదును చేసినప్పటి ఉప్పునీ పట్టి ఉంచి ఉక్కు మీద అచ్చులా తుప్పు వేస్తుంది. తాళప్పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి నెలకోసారి మార్చండి. పిల్లలున్న ఇంట్లో డీలరు ఇచ్చే తీగ తాళం ఒక్కటే సరిపోదు, పెట్టెని మరలతో గోడకో బరువైన అల్మారాకో బిగించాలి, తూటాలు వేరే తాళంలో ఉండాలి.

సీజెడ్ నమూనాలో నూనె నాలుగు చోట్ల చాలు: ఫ్రేమ్ లోపలి పట్టాలు రెండూ, బ్యారెల్ పై గాడులు, బ్యారెల్ మూతి చుట్టూ, హ్యామర్ కొక్కెం దగ్గర ఒక్క చుక్క. ఫైరింగ్ పిన్ రంధ్రంలో నూనె వేయకూడదు, అక్కడ మడ్డి చేరి పిన్ నెమ్మదిస్తుంది. రికాయిల్ స్ప్రింగ్‌ని (స్లైడ్‌ని తిరిగి ముందుకి తోసేది) 9 ఎంఎంలో ఐదు వేల తూటాలకి, .45 1911లో మూడు వేలకి మార్చండి. 1911కి ప్రామాణిక బలం 16 పౌండ్లు, అంతకంటే గట్టిది వేస్తే మేలు అనుకోకండి, స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక తూటా ఎక్కదు. సీజెడ్ ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగ్ కూడా అదే ఐదు వేల దగ్గర, విరగకముందే, మార్చేయండి. కొన్న రోజే ఈ రెండు స్ప్రింగులూ, ఒక స్లైడ్ స్టాప్, నాలుగు రోల్ పిన్నులూ కొని ఒక చిన్న డబ్బాలో పిస్టల్ పక్కనే ఉంచండి, డబ్బా మూత లోపల కాల్చిన తూటాల లెక్క రాస్తూ ఉండండి.